తల్లి పూజకు వేళ ఏది?

గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను ఈ ఎనిమిదియు భక్తునకు ఆవరణములు. ఇవి పురుషునకు ఒక తీరుగను, స్త్రీకి వేరొక తీరుగను చెప్పబడలేదు. పసిబిడ్డ మెడలో కట్టిన లింగమే ఎనుబదియేండ్ల ముదుసలి మెడలోను ఉండును. నడుమ ఎన్ని పండుగలు వచ్చినను, ఎన్ని శోకములు వచ్చినను ఆ లింగము ఆమెను విడువదు. ఆమె దానిని విడువదు. ఇంత చక్కని ధర్మమునందు పుట్టిన ఇండ్లలోనే పండుగనాడు ఒక అపచారము జరుగుచున్నది. అది అపచారమని ఇంటివారు ఎరుగరు. దానిని సహించు తల్లియు ఎరుగదు. అదేమనగా, అందరకును పండుగయైన నాడే ఇంటి పెద్దతల్లికి తన లింగపూజకు వేళ దొరకదు.

బోరంచ నారాయణఖేడ్ ప్రాంతమున, నల్లపోచమ్మ ఆలయముచే పేరు గన్న పల్లె. ఈ ప్రాంతము 1956 వరకు బీదర్ జిల్లాలో నుండి, పిదప మెదక్ జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనిదయ్యెను. జిల్లాల పేర్లు మారినవి గాని ఇంటిలోని పిలుపు మారలేదు. కన్నడము మాటలాడు ఇంటను, తెలుగు మాటలాడు ఇంటను తల్లి ‘అవ్వ’యే. పండుగలును అట్లే ఎల్లలను ఎరుగవు. మార్గశిర మాసము చివర వచ్చు ఎళ్ళ అమావాస్యను బీదర్ వైపు రైతులెట్లు చేయుదురో, జహీరాబాద్, నారాయణఖేడ్ రైతులును అట్లే చేయుదురు. నల్లరేగడిలో తెల్లజొన్న నిలువెత్తున నిలిచియుండును. శనగ పూతకు వచ్చియుండును. ఆనాడు ఊరిలో పొయ్యి ముందుగా వెలుగును గాని విస్తరి ఊరిలో పరువరు. జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, పలు ఆకులను, పచ్చిగింజలను, కాయలను కలిపి వండిన భజ్జికూర, కుండెడు అంబలి గంపలకెత్తి చేనికి మోసికొనిపోయి, భూమితల్లికి పెట్టి, పిమ్మట తామును, దారిన పోవువారును కలిసి తిందురు. పట్టణములకు పోయిన బిడ్డలు ఆనాటికి తప్పక ఇల్లు చేరుదురు.

అట్టి పల్లెలో అట్టి ఇంట ఒక తల్లి గలదనుకొనుడు. పేరుతో పనిలేదు, ఆమె ప్రతి ఊరను గలదు. వయస్సు డెబ్బది దాటినది. భర్త శివైక్యము చెంది చాల యేండ్లయ్యెను. కొడుకు లిరువురును హైదరాబాదులో ఉద్యోగములు చేయుచున్నారు. కూతురిని బీదర్ వైపు ఇచ్చినారు. ఇంట ఆమెయు, ఒక ఆవును మాత్రమే.

ఆమె నిత్యజీవితము ఒక వ్రతము వంటిది. కోడికూతకు లేచును. వాకిలి ఊడ్చి, నీరు చల్లి, స్నానము చేసి నుదుట విభూతి ధరించును. గోడ నానుకొని కూర్చుండి లింగకాయ విప్పి, లింగమూర్తిని ఎడమ అరచేత నిలిపి, కొన్ని నీళ్లు, ఒక బిల్వపత్రము సమర్పించి కన్నులు మూయును. ఆ కొంతసేపు ఆవు అంబా అని అరచినను ఆమెకు వినబడదు. పూజ ముగియువరకు గుక్కెడు నీరైనను త్రాగదు. తరువాత అంబలి, పాలు పితుకుట, చేటలో కందులు చెరుగుట, ఇరుగుపొరుగు పిల్లలకు పలహారమిచ్చుట, సాయంకాలము కొడుకుల ఫోను కొరకు ఎదురుచూచుట. చేయి చాచి అడిగిన వానిని ఉత్తచేతులతో పంపుట ఆ ఇంట లేదు. కాయకము, దాసోహము అను మాటలపై ఆమె ఉపన్యాసము చెప్పలేదు. ఆమె దినచర్యను చూచినవానికి ఉపన్యాసముతో పనిలేదు.

పండుగకు రెండు దినములు ముందుగా కొడుకులు, కోడండ్రు, మనుమలు, కూతురు, అల్లుడు వచ్చిరి. ఇల్లు నిండెను. తల్లి మోకాళ్ల నొప్పి మరచెను. మరచినట్లు నటించెననుట సరి. అమావాస్య నాడు తెల్లవారుజామున మూడు గంటలకు లేచెను. పిల్లలకు స్నానమునకు నీళ్లు కాగవలెను. అల్లునికి చాయ కావలెను. ఇరువది మందికి రొట్టెలు కావలెను. పట్నపు కోడండ్రకు పిండి తట్టి పలుచని జొన్నరొట్టె చేయుట అలవాటు తప్పినది. ఆమె చేయి పడినగాని రొట్టె పొంగదని అందరును పొగడిరి. ఆ పొగడ్తయే ఆమెను పొయ్యికి కట్టివేసిన త్రాడయ్యెను. ‘ఈ వాయి కానిమ్ము, పిదప పూజ’ అనుకొనెను. ఆ వాయి పిదప మరియొక వాయి వచ్చెను. గంపలు లేచెను. తానును వెంట నడచెను. లింగకాయ మెడలోనే యుండెను.

చేనిలో మధ్యాహ్నము దాటెను. జొన్నచేని నీడన కంబళ్లు పరచి అందరును పంక్తిగా కూర్చుండిరి. తల్లి వంగి వంగి వడ్డించుచుండెను. పెద్దకొడుకు పిలిచెను: “అవ్వా, నువ్వు గూడ కూసో.”

“మీరు తినున్రి బిడ్డా. నా పూజ ఇంక గాలేదు.”

ఆ మాట గాలికి పోయెను. ఒకరు భజ్జికూర అడిగిరి. మరియొకరు రొట్టె యడిగిరి. అప్పుడు ఎనిమిదేండ్ల మనుమరాలు చేతిలోని తుంచిన రొట్టెను విస్తరిలో పెట్టి అడిగెను: “నానమ్మా, నీ లింగయ్యకు ఇయ్యాల పండుగ లేదా?”

పంక్తి నిశ్శబ్దమయ్యెను. తెల్లవారుజామున మూడు గంటల నుండి ఆమె నీరు ముట్టలేదని అప్పటికి గాని ఎవ్వరికిని తట్టలేదు. పెద్దకొడుకు లేచి చేయి కడుగుకొని, కుండతో మంచినీళ్లు తెచ్చెను. చిన్నకొడుకు గట్టుమీది చెట్టు క్రింద కంబళి పరచెను. కోడలు అత్త చేతిలోని రొట్టెల గంప నందుకొనెను. తల్లి కూర్చుండి లింగకాయ విప్పెను. చేనిలో బిల్వపత్రము లేదు. మనుమరాలు ఒక శనగపూవు తెచ్చియిచ్చెను. అందరును వేచియుండిరి. ఎంతసేపు పట్టెను? ఒక గడియ. ఆ ఒక గడియ కొరకే ఆ ముదుసలి తొమ్మిది గంటలు ఉపవసించియుండెను.

ఆనాటి దోషము ఆనాడే దిద్దబడెను. కాని మరియొక దోషము దిద్దబడలేదు. మూడవనాడు ప్రయాణమై నిలిచిన కూతురికి బొట్టుపెట్టి సాగనంపవలసివచ్చినపుడు తల్లి తలుపు వెనుకకు తొలగెను. పొరుగింటి ముత్తైదువను కేకవేసి పిలిచెను. ఆమె వచ్చి పసుపుకుంకుమ లిచ్చెను. కన్నతల్లి తలుపు సందున నిలిచి చూచెను. ఎవ్వరును ఏమియు అనలేదు. ఆచారమే గదా యనుకొనిరి. బస్సు కదలెను. ఆ రాత్రి ఆమె ఒక రొట్టె చేసికొని సగము తిని, సగము ఆవునకు పెట్టెను.

ఇచ్చట భక్తులు ఆలోచింపవలెను. ఈ ఆచారము ఎవరిది? పండ్రెండవ శతాబ్దమున బిజ్జలుని కొలువున మంత్రియైన బసవేశ్వరుడు కళ్యాణమున శరణులను కూడదీసినపుడు తొలుత తోసివేసిన వానిలో పంచసూతకములు గలవు. పుట్టుకవలన, చావువలన, రజస్సువలన, ఎంగిలివలన, జాతివలన మైల కలుగునను మాటను శరణులు అంగీకరింపలేదు. లింగము ధరించిన దేహమునకు మైల లేదనిరి. చావు మైల కానపుడు, భర్త చావు భార్యను అమంగళ నెట్లు చేయును? కుంకుమను భర్తతో ముడివేసిరి గావచ్చును. విభూతిని ఎవ్వరును భర్తతో ముడివేయలేదు. అది గురువు లింగముతోపాటు ఇచ్చినది. మగడు పోయినను నుదుట అది చెరగదు. అట్టి విభూతి నుదుట గల తల్లి తలుపు వెనుక నిలువవలసిన పనిలేదు. కూతురి నుదుట ఆమె విభూతి పెట్టి దీవించిన చాలును. అంతకు మించిన మంగళము వీరశైవుల ఇంట ఏది గలదు?

కళ్యాణమున కల్లోలము రేగి శరణులు చెదరినపుడు ఉళివి దారి పట్టిన వారిలో బసవేశ్వరుని అక్కయు, చెన్నబసవన్న తల్లియునైన అక్కనాగమ్మ గలదని సంప్రదాయము చెప్పును. ఆపదవేళ శరణసమూహము ఒక తల్లి వెంట నడచినది. నేటి యిండ్లలో తల్లి శుభకార్యమునకు ఎదురు రాగూడదందురు. ఈ రెంటిలో ఏది శరణుల త్రోవయో పిల్లలకును తెలియును.

తెలుగు భక్తులకు మరియొక తల్లి పరిచయము కలదు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పెను. లోకములోని వారు శివుని వరములు కోరుచుండగా, ఆమెకు వేరొక దుఃఖము కలిగెను. శివునికి తల్లి లేదే! తల్లియే యుండినయెడల ఆయన ఇన్ని కష్టములు పడునా యని వగచి, తానే తల్లియై ఆయనను పసిబిడ్డగా సాకెను. శివుడు ఆమె ప్రేమను పరీక్షింప దలచి జబ్బుపడినట్లుండగా, బిడ్డ పాలు ముట్టలేదని ఆమె ప్రాణము విడువ సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమయ్యెను. ఆమె అమ్మవ్వ యని పేరు గాంచెను. ఈ కథలోని లోతు చూడుడు. సర్వమును గల దేవునికి ఒక కొరత గలదని ఒక భక్తురాలు కనుగొనెను. ఆ కొరత తల్లి. దేవునికే లేని సంపద ఇంట నుండగా, ఆమె తిన్నదో లేదో అడుగనివాడు లింగపూజ చేసి పొందునదేమి?

దాసోహము గొప్ప మాట. పదిమందికి పెట్టుటయే దాసోహమని తలచువారు గలరు. పెట్టుట దాని వెలుపలి రూపము. నేను దాసుడనను భావము దాని లోపలి ప్రాణము. పంచాచారములలో భృత్యాచారము ఉన్నది ఇందుకొరకే. పండుగనాడు కొడుకు చేనిలో పదిమందికి పెట్టి దాసోహము చేసితి ననుకొనును. వండినది ఎవరు? మోసినది ఎవరు? వడ్డించినది ఎవరు? దాసోహము చేసినది తల్లి. కొడుకు చేసినది భోజనము. కాయకమొకరిది, పుణ్యమొకరిది యగుట శరణధర్మమున లేదు.

కొందరు కొడుకులు పట్నమునుండి విలువైన చీరలు, నోట్లు తెచ్చి తల్లి చేత పెట్టి ఋణము తీరినదనుకొందురు. వారు ఆయ్దక్కి లక్కమ్మ కథను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యమును ఏరితెచ్చి దాసోహము చేయు కాయకమువాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది అవసరమునకు మించినది, దీనిని తెచ్చినచోటనే విడిచిరమ్మని పంపెను. ఆ యింట బియ్యపు రాశిని కొలువలేదు, మనస్సును కొలిచిరి. నేటి తల్లియు మనస్సునే కొలుచును. కొడుకు తెచ్చిన చీర పెట్టెలో మడతపెట్టియుంచి, కొడుకు తెచ్చిన కుండెడు నీళ్లను ఏడాది పొడుగున తలచుకొనును.

వృద్ధులైన తల్లిదండ్రులను పోషింపవలెనని 2007లో దేశమున చట్టమే చేయవలసివచ్చెను. చట్టము అన్నము పెట్టించగలదు. పంక్తిలో ప్రక్కన కూర్చుండబెట్టలేదు. నారాయణఖేడ్ ప్రాంతపు చేలకు సింగూరు నీటినెత్తు పథకమునకు బసవేశ్వరుని పేరు పెట్టి 2022లో శంకుస్థాపన చేసిరి. పథకమునకు ఆ మహాత్ముని పేరు పెట్టుట సంతోషము. ఇంటికి ఆయన నడవడి పెట్టుట ఇంటివారి పని. దానికి శంకుస్థాపన వేరెవ్వరును చేయరు.

కావున రాబోవు పండుగకు ప్రతి భక్తుని యింటను ఈ నియమములు నిలుచును గాక. పండుగనాడు తల్లి లింగపూజ ముగిసిన పిదపనే పొయ్యి వెలిగించవలెను. లేదా వేరొకరు వెలిగించవలెను. కొడుకులు రొట్టె తట్టుట నేర్చుకొనవలెను; కాయకమునకు ఆడ మగ భేదము లేదు. పంక్తిలో తొలి విస్తరి తల్లిది కావలెను. శుభకార్యమున, ప్రయాణమున తొలి విభూతి ఆమె చేతినుండియే అందుకొనవలెను; ఆమె తలుపు వెనుకకు తొలగినచో చేయిపట్టి ముందునకు తేవలెను. సెలవులలో ఒక పూట ఆమె మోకాళ్లకు, కన్నులకు కేటాయించి వైద్యునికి చూపవలెను. మఠములందు పండుగ ప్రవచనము చేయు స్వాములును ఈ మాటను తప్పక చెప్పవలెను. ఏలయన గురువు చెప్పినగాని తల్లులే దీనికి ఒప్పుకొనరు. ‘ఆచారమది బిడ్డా’ యని తలుపు వెనుకకే పోవుదురు.

జంగమమనగా కదలునది. గుడిలోని రాతికంటె కదలు ప్రాణమున శివుని చూడుమని శరణులు బోధించిరి. తెల్లవారుజామున వాకిట చీపురుతో కదలుచున్న ఆ వంగిన నడుమును చూచి జంగమమని గుర్తింపనివానికి, దూరదేశపు యాత్రలలో జంగమము దొరకదు. బోరంచ చేనిలో ఆ చిన్నది అడిగిన ప్రశ్న అన్ని యిండ్లకును చెందినది. తల్లి లింగయ్యకు పండుగ జరిగిననాడే ఇంటికి పండుగ.