గోడ మీది బొమ్మ

రాయడం ఆగిపోయిన రచయిత్రికి లోకమంతా వైద్యులే. ఊరు మారమని ఒకరు, తెల్లవారుజామున లేవమని ఒకరు, పోనీ మానెయ్యరాదూ అని ఇంకొకరు. పద్నాలుగు నెలలు అందరి మందులూ వాడాను. కాగితం తియ్యగానే, పోయిన నవలకంటే ఇది బాగుంటుందా అన్న ప్రశ్న ముందొచ్చి కూర్చునేది. ఇక కలం కదిలితే ఒట్టు!

ఆ రోజుల్లోనే సవరల గోడబొమ్మల గురించి చదివాను. మన సీతంపేట కొండల్లో ఉంటారే, గిడుగు రామమూర్తి పంతులుగారు ఎవరి భాషకైతే నిఘంటువు కూర్చారో, ఆ సవరలే. సరిహద్దుకవతల ఒరిస్సా కొండల్లోని సవరల మధ్య తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో వాళ్ల మతాన్ని గురించి పెద్ద పుస్తకమే వేశాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, పోయిన పెద్దలో, ఏ దేవతో తమకో చోటు అడుగుతున్నారని అర్థమట. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో ఇల్లు గీస్తారు. మన ముగ్గుపిండే అనుకోండి. అందులో మనుషులు, ఏనుగులు, చెట్లు. కాలం మారాక సైకిలూ, రైలూ, విమానమూ కూడా! అప్పుడు ఆ పెద్దను పిలిచి చూపిస్తారు. ఫలానాది లేదంటే అదీ చేరుస్తారు.

అంటే ఆ చిత్రకారుడికీ విమర్శకుడున్నాడు. మన విమర్శకులకంటే గట్టివాడు, జబ్బులు తెప్పించగలవాడు! కాని ఆయన అడిగేది “ఇది గొప్పదేనా?” అని కాదు, “నాకింకేం కావాలి?” అని. మొదటి ప్రశ్నకు చెయ్యి బిగుసుకుపోతుంది. రెండోదానికి ఏనుగు పక్కన ఇంకో ఏనుగు గీస్తే సరిపోతుంది.

ఇప్పుడా బొమ్మలు గుడ్డమీదికీ కాన్వాసుమీదికీ ఎక్కి అమ్మకానికి వస్తున్నాయి. కొనేవాళ్ల కళ్లు చిత్రకారుణ్ణి బెదిరిస్తాయా? బెదిరించవచ్చు. అమ్మవద్దనడానికి నేనెవర్ని? నా నవలలు నేను అమ్ముకోవడం లేదూ!

మా పిన్నికి చూపు మందగించింది. ఎవరైనా చదివి వినిపించాలి. పత్రికను పక్కనపెట్టి, ఆవిడ ఒక్కర్తికోసం రోజుకు రెండు పేజీలు రాయడం మొదలుపెట్టాను. మూడోరోజున, “ఒసే, ఆ పిల్ల అత్తారింటికెళ్లి రెండ్రోజులైంది, అన్నం పెట్టారా లేదా? రాయలేదేం?” అంది.

ఆ రాత్రి కూర్చుని ఆ పిల్లకి వంకాయకూర, మజ్జిగపులుసూ వడ్డించాను. అత్తగారు నెయ్యి దాచిన చోట నాకే నవ్వొచ్చింది. పైకే నవ్వినట్టున్నాను, పక్కగదిలోంచి మావారు ఏమైందని అడిగారు.