తుప్పు వదిలిన చాకు ఎవరిది?

అబ్బాజాన్ గారి పాత రేకుపెట్టెలో ఆ మధ్య మాకొక మడత చాకు దొరికింది. కొమ్ము పిడి. అలుగు ఎర్రగా తుప్పుపట్టి, పిడిలోంచి బయటికి రానని మొరాయించింది. ఇలాంటివి పాత సామాన్లవాడికి వేసేయడం మనకు అలవాటే. కాని పనికొచ్చే వస్తువును పారేయడం కూడా దుబారాయే కదా అని బాగుచేయడానికి కూర్చున్నాం.

తుప్పు అంటే బయటినుంచి అంటుకున్న మురికి కాదు. తేమ, గాలి కలిసి ఇనుమునే మార్చేయగా ఏర్పడినది. అది ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మడత బిగుసుకుపోతుంది. బలవంతంగా లాగితే సీల విరగవచ్చు. అందుకని మడత దగ్గర కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాం. మర్నాడు కాస్త కదిలింది. మూడో రోజుకు తెరుచుకుంది. సిర్కాలో నానబెడితే తుప్పు త్వరగా వదులుతుంది, నిజమే. కాని కొమ్ము పిడి పాడవుతుంది. నూనె రాసి, సన్నని గరుకు కాగితంతో నిదానంగా రుద్దాం. కొత్తదానిలా మెరవాలన్న ఆశ వద్దు. తుప్పు తిన్నచోట గుంటలు మిగులుతాయి. వాటిని చదును చేయబోతే మంచి ఇనుము కూడా అరిగిపోతుంది. సానచక్రం మీద పెట్టించే తొందరా మంచిది కాదు. అలుగు వేడెక్కి నీలంగా మారిందంటే పదును నిలిచే గట్టిదనం పోయినట్లే. సానరాయి మీద సుమారు 20 డిగ్రీల వాలులో, రెండువైపులా సమానంగా నూరాం.

చివరికి పిడి తుడుస్తుంటే మురికి కింద గీసిన రెండు అక్షరాలు బయటపడ్డాయి. అవి మా ఇంట్లో ఎవరివీ కావు. అమ్మీజాన్‌ను అడిగాం. "వెనక వీధి దర్జీగారిది. మంచం నులక కోయడానికి మీ అబ్బా తెచ్చారు. ఇచ్చేద్దాం, ఇచ్చేద్దాం అనుకుంటూనే ఉండిపోయింది" అన్నారు. ఇచ్చినవారూ లేరు, పుచ్చుకున్నవారూ లేరు.

అది తుప్పుముద్దగా ఉన్నప్పుడే తెలిసివుంటే చప్పున ఇచ్చేసేవాళ్లం. ఇప్పుడు చేయి రాలేదు. మనసు మా తరఫున వకాల్తా పుచ్చుకుంది. వాళ్లు అడగనే లేదు కదా! మనం పట్టించుకోకపోతే పాత ఇనుములో పోయేదే కదా! మూడు రోజుల మన కష్టం మాటేమిటి?

అమానతులను వాటి సొంతదారులకు అప్పగించమన్న ఆజ్ఞలో (4:58), వారు అడిగితేనే అన్న షరతు లేదు. మరణించినవారికి సొంతం కానిది వారసులకూ సొంతం కాదు. ఇక కష్టం మాట. ఆ తుప్పు పట్టింది ఎవరింట్లో? మన ఇంట్లోనే. మనం చేసిన నష్టాన్ని మనమే సరిచేసి, దానికి కూలి కింద వస్తువునే ఉంచుకోవడం ఏం న్యాయం? హృదయాలకు తుప్పు పట్టడం గురించి దివ్య ఖుర్‌ఆన్ చెప్పిన మాట (83:14), కొలతల్లో మోసం చేసేవారి ప్రస్తావనతో మొదలయ్యే సూరాలోనే ఉంది. ఇది తెలిసి కూడా మేము రెండు రోజులు తాత్సారం చేశామని ఒప్పుకోవాలి.

దర్జీగారి అబ్బాయి ఆ వీధిలోనే ఉంటున్నారు. చాకు చేతికిచ్చి, ఇన్నేళ్ల ఆలస్యానికి అబ్బాజాన్ తరఫున, మా తరఫున క్షమాపణ అడిగాం. ఆయన రెండుసార్లు తెరిచి మూశారు. అక్షరాలను బొటనవేలితో తడిమారు. "మాఫ్ చేశాను భాయ్" అని, మళ్ళీ తుప్పు పట్టకుండా ఏం రాయాలని అడిగారు.

కుట్టుమిషన్ నూనె ఒక చుక్క చాలన్నాం. అది వాళ్లింట్లో ఎలాగూ ఉంటుంది.