ఎదిగిన దేహము, ఎదుగుచున్న బిడ్డ

మానవుని కొలుచుటకు లోకము మొదట చేపట్టు కొలబద్ద దేహము. పొట్టివానిని పసివాడనియు, పొడగరిని పెద్దవాడనియు తలంచుట మనకు అలవాటు. ఈ కొలత తఱచుగా తప్పదు గనుక దానిని మనము శంకింపము. కాని కొందఱు బిడ్డల విషయమున అది పూర్తిగా తప్పును. ఆ తప్పునకు శిక్ష ననుభవించువాడు బిడ్డయే.

1964లో సోటోస్ అను వైద్యుడు, ఆయన సహచరులు ఐదుగురు బిడ్డలయందు ఒక అరుదైన లక్షణసముదాయమును వర్ణించిరి. అది నేడు ఆయన పేరనే పిలువబడుచున్నది. సుమారు 14,000 జననములకు ఒకటిగా కన్పించు ఈ స్థితిలో శిశువు తొలి ఏండ్లలో మితిమీరి ఎదుగును. తల పెద్దదిగను, కండరములు సడలియు నుండును. నడకయు మాటయు ఆలస్యమగును. మూడేండ్ల బిడ్డ అయిదేండ్లవానివలె కన్పట్టవచ్చును. పలుకులు మాత్రము అంతకంటె చిన్నవానివి.

బస్తర్ ప్రాంతపు దక్షిణపు అంచున, శబరీ తీరమున కోంటా, గోదావరికి చేరువను భోపాలపట్నము ఉన్నవి. గోండీతోబాటు తెలుగును వినవచ్చు సీమ అది. అచటి పల్లెలో ఇట్టి బిడ్డను పెంచు తల్లి నొకతెను భావింపుడు. బక్కచిక్కిన పసివారిని గుర్తించుటకే అంగన్‌వాడీలో తూనిక. ఆ తూనికకు ఈ బిడ్డ లోపము తెలియదు. తొలియేట అందఱును బిడ్డ పుష్టిని మెచ్చుకొందురు. ఏండ్లు గడచిన కొలది ఆ మెప్పే నిందయగును: “ఇంతవాడై మాటాడడేమి? తల్లి గారాబము కాదా?” పిమ్మట మఱింత క్రూరమైన ప్రశ్న వచ్చును: “ఇది ఎవరి పాపము?”

విజ్ఞానము దీనికి కొంత సమాధానము చెప్పినది. ఎన్.ఎస్.డి.1 అను జన్యువునందలి మార్పు దీనికి ముఖ్యకారణమని 2002లో తెలిసినది. నూటికి తొంబదికి పైగా సందర్భములలో ఆ మార్పు బిడ్డయందే క్రొత్తగా కలుగును, తలిదండ్రులయందది ఉండదు. తల్లి తినినదియు, చేసినదియు కారణము కాదు. ఇక కర్మసిద్ధాంతమందురా, అది పొరుగువానిపై తీర్పు చెప్పుటకు ఈయబడినది కాదు. “నా కర్తవ్యమేమి?” అని ఎవరికి వారు ప్రశ్నించుకొనుటకు ఈయబడినది. ఇతరుల దుఃఖమును చూచి వారి పాపమును లెక్కించువాడు ఆ క్షణమున తన కర్తవ్యమును విడిచినవాడగును.

భాగవతమునందలి జడభరతుని కథ ఇచట స్మరింపదగినది. బలిష్ఠమైన ఆయన దేహమును చూచి పల్లకి మోయించిరి. ఆయన మౌనమును చూచి జడుడనిరి. రహూగణ మహారాజు పరిహసింపగా, లావును బక్కదనమును దేహమునకే గాని తనకు గావని ఆయన పలికెను. ఈ బిడ్డ జ్ఞానియని చెప్పుట కాదిది. చూచువారి పొరపాటు రెండుచోట్లను ఒక్కటియే యని చెప్పుట.

ఈ పొరపాటు దిద్దుకొనరానిది కాదు. జగదల్‌పూరున 75 దినములు సాగు దసరా ఉత్సవమున ముఖ్యఘట్టము కాఛన్ దేవి అనుమతితో ఆరంభమగును. ముళ్ళ ఊయలపై నుంచిన ఒక చిన్నబాలికయే ఆ దేవి. రాజవంశీయులు ఆమె యెదుట నిలిచి అనుమతి వేడుదురు. చిన్న దేహమున దేవిని చూడగల కన్ను పెద్ద దేహమున పసివానిని చూడలేదా?

చూచిన పిమ్మట చేయవలసిన పని కలదు. ఈ స్థితిని తొలగించు మందు లేదు. కాని మాట నేర్పు శిక్షణ, కండరములకు వ్యాయామము మేలొనర్చును. గుండె, మూత్రపిండములు, వెన్నెముక, మూర్ఛ విషయమున వైద్యుల పరిశీలన అవసరము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పదునెనిమిదేండ్ల వఱకు బిడ్డల పుట్టుకలోపములను, ఎదుగుదలలోని ఆలస్యమును పరీక్షించుటకే ఏర్పడినది. జగదల్‌పూరున ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. అడవి పల్లె నుండి అచటికి పోవుట తేలిక కాదు. తల్లికి బస్సు ఛార్జీయిచ్చి తోడుపోవు పొరుగువాడు, పాపమును లెక్కించువానికంటె ధర్మమును ఎక్కువ ఎఱిగినవాడు.

ఫలాసక్తి విడువుమని గీత బోధించును. తల్లి అది విడుచుటెట్లు? ఆశ విడువనక్కఱలేదు. బిడ్డ ఒక మాట నేర్చిన దినమునను, నేర్వని దినమునను అన్నము ఒకే ప్రేమతో కలిపి పెట్టిన చాలును. దేహపు వేగము ఏండ్లతో తగ్గి, పెక్కుర యెత్తు తుదకు సామాన్యులకు చేరువగును. లోకపు కొలబద్ద అప్పుడు సరిపడవచ్చును. ఆ తల్లి మాత్రము మొదటినుండియు దానితో కొలువలేదు.