చట్టం ఒప్పుకుంటే చాలా?

మా మామ మత్తు డాక్టరు. అంటే ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరు. ఆయనకు సొంత క్లినిక్ లేదు. హోసూరులోనూ బెంగళూరులోనూ ఏ ఆసుపత్రి పిలిస్తే అక్కడికి కారులో పోతాడు. ఒకరోజు మా ఇంట్లో అన్నం తింటూ ఉండగా ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చూసి గట్టిగా నవ్వినాడు. "బావా, గవర్నమెంటే నాకు డబ్బు తిరిగి ఇచ్చింది!" అన్నాడు. ఆదాయపు పన్ను రిఫండ్ అది.

అంత సంపాదించే మామకు ప్రభుత్వం ఎందుకు తిరిగి ఇస్తుందో నాకు అర్థం కాలేదు. అడిగితే మామే ఓపికగా చెప్పినాడు. ఆదాయపు పన్ను చట్టంలో దీనికి ఒక సెక్షన్ ఉంది. 2016 బడ్జెట్‌లో తెచ్చినారు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు వంటి సొంతంగా పని చేసుకునేవాళ్ళకు ఏడాదికి 50 లక్షల లోపు వస్తే, అందులో సగమే ఆదాయం అని చూపించవచ్చు. నగదు రూపంలో తీసుకున్నది 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా కూడా వీలుంది. మిగతా సగం ఖర్చు అయిందని చట్టమే అనుకుంటుంది. లెక్కల పుస్తకాలు పెట్టనక్కర లేదు, బిల్లులు చూపనక్కర లేదు.

నేను ఒక లెక్క వేసినాను. ఇవి మామ అంకెలు కావు, లెక్క సులభంగా ఉండాలని నేను పెట్టుకున్నవి. ఒక డాక్టరుకు 48 లక్షలు వచ్చింది. పెట్రోలు, కారు, ఫోను, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నిజంగా అయిన ఖర్చు 10 లక్షలు. మిగిలింది 38 లక్షలు. కానీ చూపించేది 24 లక్షలు. కొత్త విధానం రేట్ల ప్రకారం 24 లక్షలకు సెస్‌తో కలిపి పన్ను 3,12,000. అదే 38 లక్షలకైతే 7,48,800. తేడా 4,36,800 రూపాయలు! ఆసుపత్రులు ముందే 10 శాతం టిడిఎస్ పట్టుకుంటాయి కాబట్టి 4,80,000 కట్టేసి ఉంటాడు. అందుకే ఆయనకు 1,68,000 తిరిగి వస్తుంది. మామ నవ్వు నాకు అప్పుడు అర్థమయింది.

అదే 38 లక్షల జీతం తీసుకునే మేనేజరుకు 75 వేలు తగ్గిస్తారు, అంతే. మా నాయన ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయన జీతం చిన్నది, ఆదాయపు పన్ను పడదు. కానీ మా అవ్వ ఫోన్‌కు రీచార్జ్ చేసినా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అవ్వకు ఏ సెక్షనూ లేదు.

ఇది తప్పా? మామ దొంగతనం చేయలేదు. దొంగ బిల్లులు పెట్టలేదు. ఒక్క రూపాయి రాబడి కూడా దాచలేదు. మా సాంఘికశాస్త్రం సార్‌ను అడిగితే రెండు తీర్పుల గురించి చెప్పినారు. 1985లో మెక్‌డవెల్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు, మన తెలుగువారే, పన్ను తప్పించుకునే ఎత్తుగడలను గట్టిగా తప్పుబట్టినారట. తెలివైనవాళ్ళు తప్పించుకుంటే ఆ బరువు ఏమీ తెలియని మంచివాళ్ళ భుజాల మీద పడుతుందని ఆయన బాధ. 2003లో అదే కోర్టు ఇంకో కేసులో, చట్టం లోపల ఉండి పన్ను తగ్గించుకునేదంతా తప్పు కాదు అంది. కోర్టే రెండు రకాలుగా మాట్లాడితే నేనెంత?

మామ వాదన కూడా చిన్నది కాదు. "బావకు పీఎఫ్ ఉంది, బోనస్ ఉంది, జ్వరం వస్తే లీవు ఉంది. నాకేముంది? రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తే లేచి పోవాలి. నేను పడుకుంటే ఆ రోజు రాబడి లేదు" అంటాడు. అది నిజం. ఆయన నిద్ర లేని కళ్ళు నేను చూసినాను. కానీ దానికోసమే ఆ సెక్షన్ తెచ్చినారా అంటే కాదు. చిన్న చిన్న సంపాదనాపరులకు లెక్కలు రాసే బాధ తప్పాలని తెచ్చినారు. (నేను కడితే మాత్రం రోడ్డు బాగవుతుందా అని కూడా అన్నాడు. ఆ మాట అందరూ అనేదే, వదిలేస్తున్నా.)

నన్ను ఆపింది ఆ సెక్షన్‌లోనే ఉన్న ఒక చిన్న మాట. సగం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని తానే చెప్పుకుంటే ఆ మొత్తం, అని ఉంది. అంటే చట్టం సగం దగ్గర తలుపు మూయలేదు. నిజంగా మిగిలింది ఎంతో చెప్పాలనుకునేవాడికి దారి వదిలిపెట్టింది. ఆఫీసరు అడగడు. అడగనప్పుడు చెప్పేదీ మానేదీ మన చేతిలోనే ఉంది. జీతగాడికి ఆ అవకాశం లేదు, చేతికి రాకముందే పట్టుకుంటారు. అందుకే జీతగాడు పూర్తిగా కడితే అది నిజాయితీ అని కూడా చెప్పలేము. నాయన్ను అడిగితే "నాకు వీలుంటే నేనూ సగమే చూపిస్తానేమో రా" అన్నాడు. ఎంపిక చేసుకునే వీలు ఎవరికి ఉందో, ప్రశ్న కూడా వాళ్ళకే ఉంటుంది అని నాకు అనిపిస్తుంది.

మన పాఠ్యపుస్తకాలు తెలుగులో అచ్చువేసి ఉచితంగా ఇస్తున్నారు. మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో కొంత భాగం రాష్ట్రాలకు వస్తుందని మనం చదువుకున్నాము. కాబట్టి ఆ 4,36,800లో నా పుస్తకం కూడా కొంచెం ఉంది.

ఇంతవరకు రాసేది సులభంగానే ఉండింది. కష్టమైన మాట ఇప్పుడు రాస్తాను. మా అక్క నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టేది మామే. నాయన జీతంతో అది కుదరదు. మామ దగ్గర మిగిలిన డబ్బులో నుంచే ఆ ఫీజు వస్తుంది. ప్రభుత్వానికి పోతే ఎవరికి చేరుతుందో తెలియదు, మా అక్కకు చేరితే కళ్ళకు కనిపిస్తుంది. అమ్మ అయితే "వాడు ఎవరికి తక్కువ చేసినాడు?" అంటుంది. నాకు జవాబు తెలుసు, కానీ అమ్మ ముందర చెప్పలేకపోయినాను. ఎందుకంటే ఆ తక్కువలో లాభం పొందింది మేమే.

ఈ వ్యాసం మామకు చదివి వినిపించినాను. "పేరు రాయలేదు కదా?" అని మొదట అడిగినాడు. లేదన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "జూలైలో ఆడిటర్ దగ్గరికి పోయేటప్పుడు నువ్వూ రా. నిజంగా ఖర్చు ఎంతయిందో ఒక కాగితం మీద రాసి చూద్దాం" అన్నాడు. కడతానని అనలేదు, కట్టనని కూడా అనలేదు.

అక్క రెండో సంవత్సరం ఫీజు ఆగస్టులో కట్టాలి. నేను మామతో వస్తానని చెప్పినాను. ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.