అడగని భరోసా

కంగారు పడ్డవాడు గొంతు పెంచుతాడనుకుంటాం. నేను చూసినంతలో మొదట మర్యాద పెరుగుతుంది. గుమ్మంలోంచే డబ్బు వసూలు చేసుకుపోయే చీటీలాయన ఓ రోజు లోపలికొచ్చి కూర్చుని, పిల్లల చదువులు అడిగి, కాఫీ తాగి, "మన చీటీకేం ఢోకా లేదక్కా" అన్నాడంటే ఆలోచించాల్సిందే. ఢోకా ఉందని ఎవరన్నారు?

రాజకీయాల్లో ఇది బాహాటం. "మా ఎమ్మెల్యేలంతా ఒక్క తాటి మీదున్నారు" అని నాయకుడు ప్రకటించేసరికి బస్సులు సిద్ధంగా ఉంటాయి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దింపినప్పుడు ఆయన వెంట ఉన్నవాళ్లను కర్ణాటకకు తరలించారు. బలం ఆయనదే, నెల తిరిగేసరికి పదవి తిరిగొచ్చింది. బలం ఉన్నవాడికీ కాపలా తప్పలేదు మరి.

బ్యాంకుల్లో కంగారు ఇంకా చప్పుడు లేకుండా నడుస్తుంది. 2017లో ఎఫ్ఆర్‌డీఐ బిల్లు పార్లమెంటుకొచ్చాక, బ్యాంకు మునిగితే మన డిపాజిట్లతోనే దాన్ని నిలబెడతారట అని వాట్సాప్ నిండా అదే మాట. మా బ్రాంచిలో ఒక రిటైర్డ్ మాస్టారు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటూ, గోడమీది క్యాలెండరు చూస్తూ, "గడువుకి ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీ ఎంత కోస్తారండీ?" అన్నారు. వెనకున్నావిడ తన పాస్‌బుక్కు సంచిలోంచి బయటికి తీసింది. "భయమేం లేదు సార్" అన్నాడు గుమస్తా. అంతే, పక్క కౌంటరు దగ్గరున్నవాళ్లూ ఇటు తిరిగారు. 2018 ఆగస్టులో ఆ బిల్లును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

మాస్టారిది తెలివితక్కువతనమని నేననను. ఆయన పుకారు నమ్మి ఉండకపోవచ్చు, పక్కవాడు నమ్ముతాడని నమ్మితే చాలు. అందరూ తీసేస్తారనుకుంటే ముందు తీసుకున్నవాడే బాగుపడతాడు. డైమండ్, డిబ్విగ్ అనే ఆర్థికవేత్తలు 1983లో లెక్క కట్టి చూపించిందీ ఇదే. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు అధిపతి ఖాతాదారుల్ని నిబ్బరంగా ఉండమన్నాడు. ఆ ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు తీసేయబోయారు. మర్నాడు బ్యాంకు మూతపడింది.

ఇంట్లోకొచ్చేసరికి ఈ లెక్కలు పనిచెయ్యవు. డాలస్ నుంచి కొడుకు, అక్కడ పనివేళలో, అంటే మనకి అర్ధరాత్రి ఫోన్ చేసి "అంతా బాగానే ఉందమ్మా" అంటాడు. హెచ్-1బీ వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి మహా అయితే 60 రోజులే గడువని ఇప్పుడు మన ఊళ్లలో అమ్మమ్మలకీ తెలుసు. అయినా తల్లి అడగదు. అడిగితే వాడిచేత అబద్ధమాడించినట్టవుతుందని, వంకాయలు మొన్నటికంటే చవగ్గా దొరుకుతున్నాయని చెబుతుంది. ఆ అర్ధరాత్రి వంకాయల ధర వినగానే, అమ్మకి తెలిసిపోయిందని వాడికీ తెలుస్తుంది.