కరిగించకండి ఆ ఉంగరాన్ని

అక్షయ తృతీయ దగ్గరపడింది. మద్రాసు పురసవాక్కం హైరోడ్డులో నగల దుకాణాలు ముస్తాబవుతున్నాయి. పాత బంగారం తెచ్చి కొత్త నగ తీసుకువెళ్ళమని బోర్డులు పిలుస్తున్నాయి. ఆ పిలుపు విని తాతగారి ఉంగరాన్ని చేతిసంచిలో వేసుకుని బయల్దేరేవాళ్ళను చూస్తే మనసు కలుక్కుమంటుంది. పండుగ వచ్చేలోగా ఈ మాట చెప్పకపోతే తర్వాత చెప్పి ప్రయోజనం లేదు.

దుకాణంలో జరిగేది అందరికీ తెలిసిందే. రాళ్ళు ఊడదీసి పక్కన పెడతారు. నాణ్యం చూస్తారు, తూకం వేస్తారు, కరిగిస్తారు. తరుగు తీసేసి లెక్క కడతారు. కొత్త ఉంగరానికి తరుగూ మజూరీ మళ్ళీ మనమే ఇచ్చుకోవాలి. మూడు తరాల వాళ్ళు పెట్టుకుని తిరిగిన ఉంగరం కాసేపట్లో ముద్దయిపోతుంది. ఇంట్లో ఎవరూ ఒక్క కన్నీటిబొట్టు రాల్చరు. నా బాధ అదే.

ఆ రోడ్డుకు దగ్గర్లోనే గంగాధరేశ్వరస్వామి కోవెల ఉంది. అక్కడి లింగం భగీరథుడు ప్రతిష్ఠించిందని స్థలపురాణం. భగీరథుడి కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. సగరపుత్రులు బూడిదయ్యాక గంగను దించే భారం అంశుమంతుడి మీద పడింది. ఆయన తపస్సు చేస్తూనే వెళ్ళిపోయాడు. దిలీపుడు ఆ దిగులుతోనే కన్నుమూశాడు. భగీరథుడు సాధించాడు. తాను కళ్ళతో చూడని పెద్దల కోసం అంత తపస్సు చేశాడు. రాజ్యంతోపాటు తాతల బాధ్యత కూడా తనదేననుకున్నాడు. ఆ స్వామికి దణ్ణం పెట్టుకుని, గుడి మెట్లు దిగి, నేరుగా వెళ్ళి తాతగారి గుర్తును కరిగించడం ఏం భక్తి?

భగీరథుడి వంశంలోనే రాముడు పుట్టాడు. రాముడు తన పేరు చెక్కిన ఉంగరాన్ని హనుమకు ఇవ్వడం, అశోకవనంలో దాన్ని అందుకున్న సీతమ్మకు భర్తే ఎదురుగా వచ్చినంత సంతోషం కలగడం మనకు కంఠతా వచ్చు. బదులుగా ఆమె పంపిన చూడామణి గురించి అంతగా తలచుకోం. అది పుట్టింటి నగ. యజ్ఞానికి మెచ్చి ఇంద్రుడు జనకుడికి ఇచ్చిన మణి. పెళ్ళినాడు సీతమ్మకు చేరింది. హనుమ తెచ్చి ఇచ్చినప్పుడు రాముడు దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చాడు. దాన్ని చూస్తుంటే తండ్రి దశరథుణ్ణీ మామగారు జనకుణ్ణీ చూసినట్టే ఉందన్నాడు. భార్య జాడ చెప్పడానికి వచ్చిన మణి ఇంటి పెద్దలందరినీ వెంటబెట్టుకు వచ్చింది. జనకుడి ఇంట్లో ఎవరైనా ఆ మణిని కొత్త డిజైనుకు మార్చి ఉంటే రాముడికి ఆ దర్శనం ఉండేదా?

ఇలా అంటే కొందరు వేదాంతం చెబుతారు. బంగారమే సత్యం, ఉంగరమన్నది నామరూపమే కదా, ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతుకు చెప్పింది ఇదే కదా అంటారు. ఆ ఉపదేశం బ్రహ్మజ్ఞానం కోసం చేసింది. ఆకారం మిథ్య అని నిజంగా నమ్మినవాడు పాత ఆకారంతోనే హాయిగా ఉంటాడు. కొత్త ఆకారం మీద మోజుతో దుకాణానికి వెళ్ళేవాడు ఉపనిషత్తును సాక్ష్యానికి పిలవకూడదు.

ఆపద వస్తే సంగతి వేరు. పిల్లవాడి చదువుకో, ఆసుపత్రి ఖర్చుకో ఉంగరం తాకట్టుకు వెళ్తే అందులో తప్పులేదు. ఆ రోజు ఆదుకోవాలనే పెద్దలు దాచిపెట్టారు. ధర్మకార్యానికి ఇస్తే మరీ గొప్ప. తర్వాత ఈ మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు కాకినాడలో తన చేతి గాజులు తీసి గాంధీజీకి ఇచ్చేసింది. ఆ గాజుల బంగారం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆ త్యాగం మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

పాత ఉంగరానికి హాల్‌మార్కు లేదని బెంగపడేవాళ్ళూ ఉన్నారు. 2021లో వచ్చిన హాల్‌మార్కు నిర్బంధం నగలు అమ్మే వ్యాపారికి. మీ ఇంట్లో ఉన్న ఉంగరాన్ని నిక్షేపంగా ఉంచుకోవచ్చు. ఇప్పటి నగ మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. తాతగారి ఉంగరానికి మీ జ్ఞాపకమే గుర్తింపు. వదులైతే లోపలివైపు దారం చుట్టుకునేవారు మనవాళ్ళు. బిగువైతే కంసాలి సాగదీసి ఇస్తాడు. రాయి కదిలితే బిగిస్తాడు. జాతకం చూసి ఒకరి కోసం చేయించిన రాయి అయితే వేలికి పెట్టుకోకండి, దేవుడి దగ్గర ఉంచండి.

తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెబుతాం. ఆపైవాళ్ళ పేర్లు అడిగితే చాలామంది తడబడతారు. ముత్తాతగారి తండ్రి చేయించిన ఉంగరం ఇంట్లో ఉంటే ఆ పేరు పలకడానికి పిల్లలకు ఒక వంక దొరుకుతుంది. కథ చెప్పకుండా ఉంగరం ఒక్కటే ఇస్తే వాళ్ళ చేతికి వచ్చేది గ్రాముల లెక్కే. రేపు వాళ్ళు దాన్ని కరిగిస్తే తప్పు వాళ్ళది కాదు, చెప్పని మనది.

అక్షయ తృతీయ అసలు దానానికి చెప్పిన రోజు. చల్లని నీళ్ళకుండ దానం చేస్తే ఆ పుణ్యానికి క్షయం లేదన్నారు పెద్దలు. బంగారం కొనకపోతే దోషమని ఏ పెద్దలూ చెప్పలేదు. ఈ ఏడు వైశాఖపు ఎండలో దప్పికగొన్నవాళ్ళకు నీళ్ళు, మజ్జిగ పోయండి. ఆ సాయంత్రం బీరువా తెరిచి పాత ఉంగరాన్ని బయటికి తీయండి. పిల్లల్ని కూర్చోబెట్టి అది ఎవరిదో, ఎవరి పెళ్ళికి చేయించారో, ఏ కష్టంలో తాకట్టుకు వెళ్ళి ఎలా తిరిగి వచ్చిందో చెప్పండి. తర్వాత దాన్ని వాళ్ళలో ఒకరి వేలికి తొడగండి.