చదువుకొన్నవాఁడు

మన భాషలో నొక విచిత్రమున్నది. విద్యావంతుని గుఱించి చెప్పునపుడు "ఆయన చదువుకొన్నవాఁడు" అందుము. చదువుకొనువాఁడని పిల్లవానిని మాత్రమే యందుము. సంసారియైన వాఁడు ప్రతిదినమును పుస్తకము చేతఁబట్టి కూరుచుండెనేని, "ఇంక నేమి పరీక్ష మిగిలినదండీ?" యని యిరుగుపొరుగువారడుగుదురు. అది హాస్యమునకే కావచ్చును. కాని మన సంఘము తీర్పు దానిలో స్పష్టముగానే యున్నది. చదువు పరీక్షకొఱకు, పరీక్ష యుద్యోగముకొఱకు. ఉద్యోగము దొరకిన పిమ్మట ఏఱు దాఁటి తెప్ప తగులఁబెట్టుటయే.

జీవితాంతము తనంతఁదాను చదువుచుండుట వినోదమా, ధర్మమా? వినోదమైనచో నిష్టమున్నవారు చేయుదురు, లేనివారు మానుదురు. అందు తప్పొప్పుల ప్రసక్తి లేదు. ధర్మమైనచో మానుట దోషమగును. మేము చిరకాలము దీనిని వినోదమనియే తలఁచితిమి. ఆ తలంపు మాఱుటకు హేతువైన సంగతి మాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను చెప్పక తప్పదు.

మేము తెలుఁగు బోధించుట కారంభించి పదియేండ్లు గడచిన పిమ్మట నొకనాఁడు, తరగతిలో తత్సమ తద్భవములను గూర్చి చెప్పుచు, తెలుఁగు సంస్కృతమునుండి పుట్టినదంటిమి. వెనుక బల్లమీఁది బాలుఁడొకఁడు లేచి, "మాస్టారూ, తెలుఁగు ద్రావిడభాష యని గ్రంథాలయములోని పుస్తకములో నున్నదండీ" యని మెల్లగాఁ బలికెను. తరగతి నవ్వెను. "పుస్తకములలో ననేకములుండును, పరీక్షలో మేము చెప్పినదే వ్రాయుము" అంటిమి. వాఁడట్లే వ్రాసెను. మేము వానికి పూర్తి మార్కులు వేసితిమి.

ఆ బాలుఁడు చెప్పినది క్రొత్త మాటయు గాదు. 1816 లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర, క్యాంబెల్ రచించిన తెలుఁగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుఁగు తమిళ కన్నడములొక కుటుంబమునకుఁ జెందినవనియు, సంస్కృతజన్యములు కావనియు నిరూపించెను. 1856 లో కాల్డ్వెల్ దానిని విస్తరించెను. మేమిది యెఱుఁగనివారమా? కళాశాలలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి, ఆ బరువును పరీక్షాశాల గుమ్మముకడనే దింపి వచ్చితిమి. చిన్ననాఁట సంస్కృతము చెప్పిన పెద్దల నోట విన్న మాట మాత్రము లోపల నిలిచి, దున్నని పొలమున తుంగవలె మరల మొలచినది.

తెలియకపోవుట దోషము కాదు. తెలిసిన పసివానిచేత తెలియని పెద్దవాఁడు అసత్యము వ్రాయించి, దానికి బహుమానమిచ్చుట దోషము. చదువు మానినవాఁడు తన యజ్ఞానముతోఁ దానొక్కఁడే యుండినచో నెవరికిని బాధ లేదు. కాని లోకమున నెవఁడు నొంటిగా నుండఁడు. ఒకరికి తండ్రియై, ఒకరికి వైద్యుఁడై, ఎన్నికలలో వోటరై, పంచాయతిలో పెద్దయై, తన యెఱుకను పరులమీఁదఁ బ్రయోగించుచునే యుండును. ఇరువదియేండ్లనాఁటి మందు పేరే వ్రాయుచున్న వైద్యునొద్దకు మనము పోము. అట్టి తండ్రిని, అట్టి గురువును పిల్లలు విడిచిపోలేరు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో గురువు శిష్యునికి, స్వాధ్యాయమును ప్రవచనమును ఏమఱవలదని యుపదేశించును. మేము బాల్యముననే దానిని వల్లించితిమి కాని యది యెవరికిఁ జెప్పఁబడినదో గమనింపలేదు. అది చదువు మొదలిడు వటువునకుఁ గాదు, ముగించి యింటికిఁ బోవు స్నాతకునకు. పంచమహాయజ్ఞములలో బ్రహ్మయజ్ఞమనునదియు నిదియే. నిత్యాధ్యయనము ఋషులకుఁ దీర్పవలసిన ఋణము. అయితే యిచ్చట నొక మాట దాఁచరాదు. నాఁటి స్వాధ్యాయము తన వేదశాఖను వల్లించుటయే కాని యిచ్చవచ్చిన గ్రంథమును చదువుట కాదు. స్త్రీలకును శూద్రులకును ఆ తలుపు మూసియే యుండెను. పూర్వులను పొగడునపుడు మన పండితులకు ఈ రెండవ సంగతి తఱచుగా జ్ఞప్తికి రాదు.

ఆ తలుపు తెఱచినది గ్రంథాలయోద్యమము. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1914 లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధులు కూడి యాంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిరి. 1935 లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి యూరూర నందించిరి. బడి మొగమెఱుఁగని పడవవానికిని పుస్తకము చేరవలెనని తలఁచినవారు, చదువును వినోదమని తలఁచి యంత శ్రమపడి యుందురా?

గురువు లేని చదువు గ్రుడ్డిచదువని కొందఱాక్షేపింతురు. దీనికి మాకుఁ దోఁచు సమాధానము గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితము. ఆయన 1880 లో పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడుగాఁ జేరిరి. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగాఁ జదివి పట్టభద్రులైరి. అంతటితో నాగినచో ఆయనయు మనవలెనే యొక "చదువుకొన్నవాఁడు" అయియుందురు. సమీపముననున్న ముఖలింగ దేవాలయమునకుఁ బోయి, అచ్చటి శాసనముల లిపిని స్వయముగా నేర్చుకొనిరి. కొండలలోని సవరల భాష నేర్వఁబూనిరి. ఆ భాషకు నాఁడు లిపి లేదు; సవరలే గురువులు. తెలుఁగు వచ్చిన సవరను దగ్గఱ నుంచుకొని మాట వెంట మాట వ్రాసికొనిరి. స్వంత ధనముతో వారికి బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకు క్వినైను మిక్కిలిగా సేవించుటచే వినికిడి చెడినది. ధ్వనులను బట్టి భాషను పరిశోధించువానికి చెవులు పోవుటకంటె క్రూరమైన యాటంకమేమున్నది? అయినను సవరభాషా వ్యాకరణము 1931 లో వెలువడినది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 లో వచ్చినది. అప్పటి కాయన వయస్సు డెబ్బదియైదు. 1940 లో పరమపదించిరి.

మేమీ వ్యాసమును వ్రాయుచున్న గ్రాంథికభాష నాయన యెంతమాత్ర మొప్పుకొనరు. ఆ సంగతి యెఱిఁగియే ఆయన వాదములను చదువుచున్నాము. స్వయముగాఁ జదువుకొనువానికి గురువు లేకపోవుటకంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. పుస్తకమును తానే యేరుకొనును గావున, తనకు నచ్చినదానినే యేరుకొనును. ఇరువదియేండ్లు చదివి, మొదటినాఁటి యభిప్రాయమునే బలపఱచుకొని కూరుచుండును. చేతిలోని ఫోను కూడ మన కిష్టమైనదానినే మరల మరల ముందుంచుచున్నది. అందుచే మేము మూఁడు పుస్తకముల కొకటి మాకు గిట్టనిది చదువవలెనని నియమము పెట్టుకొంటిమి. ప్రతిపర్యాయమును పాటించితిమని చెప్పఁజాలము.

తీఱిక లేదందురా? దినమునకుఁ బది పుటలు చదివినచో నేఁడాదికి 3,650 పుటలగును; మూఁడువందల పుటల పుస్తకములు పండ్రెండు. కాని యీ లెక్కలందు మాకంత రుచి లేదు. లెక్కపెట్టి చదువుట పరీక్షజబ్బు మరల తగులుకొనుటయే. ఒక్కొక్కనాఁడొక్క పుటయే మమ్ము రాత్రియంతయు విడువదు.

ఆ బాలుఁ డేమయ్యెనో మాకుఁ దెలియదు. ఆ పాఠము మాత్రము ప్రతి సంవత్సరమును వచ్చుచునే యున్నది. ఇప్పుడు మొదట మా తప్పు చెప్పి, పిమ్మట పాఠము చెప్పుచున్నాము. ఈ యేఁడొక బాలిక లేచి, "మఱి మీరిప్పుడు చెప్పినది తప్పు కాదని యెట్లు తెలియునండీ?" యని యడిగినది. తరగతి నవ్వలేదు. ఆమెకు గ్రంథాలయములోని యొక పుస్తకము పేరు నల్లబల్లపై వ్రాసి చూపితిమి. సాయంకాలము మేమే దానిని మరల చూడవలెనని పోఁగా, అది యప్పటికే యెవరో తీసికొనిపోయిరని చెప్పిరి.